నాలుగడుగుల నీళ్ళు

ఫిబ్రవరి 5, 2001. సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాడికి జవాబు రాసి కింద గీత గీయడమే తెలుసు. కాని ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది. నేనూ అలాగే పడి ఉన్నాను. ఇద్దరికీ కాలక్షేపం.

డిసెంబరులో రేవులో పడ్డాను. సఖినేటిపల్లి నుంచి గోదారి దాటి వచ్చిన పంటు దిగుతుంటే నా ముందున్న ముసలమ్మ నెత్తిమీద బుట్ట జారింది. పట్టుకోబోయి పడ్డాను. కుడి తొడ ఎముక విరిగింది. భీమవరంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక అతుక్కుందట. మోకాలే వంగనంటోంది. ఇవాళ కొలిస్తే ముప్పై అయిదు డిగ్రీలు. బోర్డు మీద గీస్తే లఘుకోణాల్లో కూడా నాసిరకం.

డాక్టరు నీళ్ళలో వ్యాయామం చెయ్యమన్నాడు. నీళ్ళలో ఒంటి బరువు తెలియదట, నొప్పి తెలియదట. "మీకు నేను చెప్పాలా మాస్టారూ, గోదారినే ఈదినవారు" అని నవ్వాడు. మా ఆవిడ మాణిక్యం అప్పటికే చెప్పేసినట్టుంది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 7

నీళ్ళ చికిత్స అంటే ఏ పెద్ద ఆసుపత్రో అనుకున్నాను. తీరా చూస్తే ఊరి బయట మూతపడ్డ రొయ్యపిల్లల హేచరీ. రొయ్యలకి మచ్చల తెగులు వచ్చిన ఏడాది దాని యజమాని తాళం వేసి పోయాడు. ఇప్పుడు ఒక సేవా సంఘంవాళ్ళు షెడ్డు శుభ్రం చేసి, పెద్ద సిమెంటు టాంకులో గోరువెచ్చటి నీళ్ళు నింపి, చుట్టూ ఇనప కడ్డీ బిగించి, కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళని దింపుతున్నారు. మధ్యలో నైలాను తాడు కట్టారు. అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. ఒకప్పుడు రొయ్యపిల్లలు బతకని నీళ్ళలో ఇప్పుడు మనుషులు బాగుపడాలి.

లోతు నాలుగడుగులు. గోడ మీద ఎర్ర రంగుతో రాశారు.

ఉమాశ్రీ అని ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి చూసుకుంటుంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "వరదలో పదకొండు మంది పిల్లల్ని కాపాడిన గంగరాజు మాస్టారు మీరేనాండీ? మా స్కూల్లో మీ ఫొటో ఉండేదండి!" అని అందరినీ పిలిచి చూపించింది. అందరూ దణ్ణాలు పెట్టారు.

ఇవాళ నీళ్ళలో దిగలేదు. మొదటిరోజు కదా, పరిసరాలు చూసుకోవాలి.

ఫిబ్రవరి 8

వెళ్ళలేదు. జలుబు.

"నీళ్ళలో దిగకుండానే జలుబేంటండీ?" అంది మాణిక్యం.

ఫిబ్రవరి 9

వెళ్ళలేదు. జలుబు.

ఫిబ్రవరి 12

వెళ్ళాను. దిగలేదు. నీళ్ళు అంత శుభ్రంగా ఉన్నట్టు తోచలేదు.

ఫిబ్రవరి 14

రత్తమ్మ అని ఒకావిడ వస్తోంది. లేసు అల్లే మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. చెయ్యి తిరిగి వస్తేనే బతుకుతెరువు. గట్టు దాకా వస్తుంది, నీళ్ళు చూసి వణికిపోతుంది, వెనక్కి పోతుంది. నాకు ఆవిడంటే మొదటిరోజు నుంచీ ఎందుకో అభిమానం.

ఉమాశ్రీ ఇవాళ ఆవిడతో అంది: "మాస్టారు వరద గోదారి ఈదారు రత్తమ్మగారూ. మీరు నాలుగడుగుల నీళ్ళకి జడుసుకుంటే ఎలాగండీ? మాస్టారూ, మీరే కాస్త ధైర్యం చెప్పండి."

ఏం చెయ్యను, చెప్పాను. కుర్చీ గట్టు మీద వేయించుకుని కూర్చున్నాను. వస్తువు నీటిలో మునిగినప్పుడు అది తొలగించిన నీటి బరువుకి సమానంగా పైకి నెట్టబడుతుంది అన్నాను. మనిషి ఊపిరి నిండా పీల్చుకుంటే మునగమన్నా మునగడు అన్నాను. తల వెనక్కి వాల్చాలి, పొట్ట పైకెత్తాలి, భయపడ్డవాడే బరువెక్కుతాడు అన్నాను. ముప్పావుగంట చెప్పాను. క్లాసు బాగా కుదిరింది. రిటైరైన ఎనిమిది నెలల తర్వాత గొంతు విప్పాను కదా.

రత్తమ్మ దిగింది. నాకు టైమైపోయింది.

ఫిబ్రవరి 26

రోజూ వెళ్తున్నాను. నా కుర్చీకి గట్టు మీద ఒక స్థలం ఏర్పడింది. కొత్తవాళ్ళు వస్తే ఉమాశ్రీ ముందు నా దగ్గరకే పంపిస్తుంది. నా సిద్ధాంతంతో ఈ నెలలో నలుగురు నీళ్ళలో దిగారు. రత్తమ్మ వెల్లకిలా తేలుతోంది. "అంతా మాస్టారి చలవేనండి" అంటుంది.

నా మోకాలు ముప్పై ఎనిమిది. ఎవరో ఒకరు గట్టు మీద ఉండి చెప్పాలి కదా.

మార్చి 5

"మీరెప్పుడు దిగుతారండీ?" అని రత్తమ్మ అడిగింది. పల్లెటూరి మనిషి, మంచీ మర్యాదా తెలియదు.

మార్చి 8

ఇవాళ సామ్యేలు వచ్చాడు.

మార్చి 9

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. ఈ డైరీ ఎవరూ చదవరు. మాణిక్యానికి నా రాత అర్థం కాదు, నా విద్యార్థులకే అర్థమయ్యేది కాదు. కనుక రాస్తాను.

నాకు ఈత రాదు.

పుట్టింది లంకలో. చుట్టూ గోదారి. పుట్టగానే జాతకం చూసినాయన జలగండం ఉందన్నాడు. మా అమ్మ నన్ను పదేళ్ళొచ్చేదాకా రేవు ఛాయలకి పోనివ్వలేదు. నూతి దగ్గర చెంబుతో పోసేది. తర్వాత నేర్చుకుందామంటే నాలుగేళ్ళ పిల్లకాయలు చేపల్లా తిరుగుతుంటే వాళ్ళ మధ్య దిగడానికి సిగ్గేసింది. అలా వాయిదా పడింది. లంకలో పుట్టినవాణ్ణి ఈతొచ్చా అని ఎవరూ అడగరు. అడగనిదానికి నేను చెప్పలేదు.

ఎనభై ఆరు ఆగస్టు పదహారు. వరద. మా లంక బడి అరుగు మీద నేను, మిగిలిపోయిన పదకొండు మంది పిల్లలు. అందరూ ఒకటో తరగతి, రెండో తరగతివాళ్ళు. నీళ్ళు అరుగెక్కాయి. అప్పుడు సామ్యేలు పడవేసుకుని వచ్చాడు. పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి పడవలో వేశాడు. నన్నూ దాదాపు అలాగే వేశాడు. అతను గెడ వేస్తుంటే నేను అతని నడుం రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏటిగట్టు చేరేదాకా ఏడ్చాను. పిల్లలు ఏడవలేదు. గట్టు మీద దిగబోతూ నీళ్ళలో పడి నిలువెల్లా తడిశాను. లేచి చూసేసరికి సామ్యేలూ లేడు, పడవా లేదు.

అరగంటకి విలేఖరి వచ్చాడు. "పడవెక్కడిదండీ మాస్టారూ?" అన్నాడు. సామ్యేలు పేరు చెబితే నేను అతని నడుం పట్టుకుని ఏడ్చిన సంగతి కూడా చెప్పాలి. "కొట్టుకొచ్చింది" అన్నాను. "అయితే ఈది పట్టుకున్నారా?" అన్నాడు. నేను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

అంతే. ఈదానని నేను ఎవరితోనూ అనలేదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. కొట్టుకుపోతున్న పడవని ఈది పట్టుకుని, పిల్లల్ని ఎక్కించి, భుజంతో తోసుకుంటూ గట్టు చేర్చానని రాసింది పేపరువాడు. ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పింది జిల్లావాళ్ళు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. మాస్టారు ఈదడం కళ్ళారా చూశానని ప్రమాణం చేస్తాడు. ఆ వేళ వాడి తల నా పంచెలో ఉంది. ఒకరిద్దరు "ఎవరో గెడేశారు" అంటే పెద్దవాళ్ళు "మాస్టారే అయ్యుంటార్రా" అని సర్దేశారు.

సామ్యేలు మాత్రం పదిహేనేళ్ళుగా ఒక్క మాట అనలేదు. అదే నాకు భయం. ప్రతి ఆగస్టులోనూ ఒక పులస చేప పంపిస్తాడు. ఉత్తినే. "నాకు తెలుసులే మాస్టారూ" అని దాని అర్థం. మాణిక్యం మట్టిదాకలో పులుసు పెడుతుంది, ఇంటిల్లిపాదీ లొట్టలేస్తారు, నాకు మాత్రం ముద్ద దిగదు.

ఇప్పుడు అతని మోకాలి చిప్ప అరిగిందట. రోజూ వస్తాడట. గట్టు మీద నా కుర్చీ చూసి "దండాలండీ మాస్టారూ" అన్నాడు.

మార్చి 12

వెళ్ళలేదు.

మార్చి 13

వెళ్ళలేదు. జలుబు అని రాయడానికి సిగ్గేసింది.

మార్చి 19

భీమవరం వెళ్ళాను. నలభై డిగ్రీలు. డాక్టరు నవ్వలేదు.

"రోజూ ఆ నీళ్ళ టాంకుకి వెళ్తున్నారా?"

"రోజూ వెళ్తున్నానండి." అబద్ధం కాదు.

"మే నెలాఖరుకి తొంభై వంగాలి మాస్టారూ. లేకపోతే మళ్ళీ బల్లెక్కాలి. మత్తిచ్చి బలవంతంగా వంచుతాం. రాడ్డు వేసిన ఎముక, మళ్ళీ పుటుక్కుమంటే నా పూచీ లేదు. కర్ర జన్మకి వదలదు."

బస్సులో వస్తూ కాలు అడ్డంగా చాపుకుని ఇద్దరి సీట్లో కూర్చున్నాను. నిలబడ్డవాళ్ళందరూ నన్ను తిట్టుకోకుండా జాలిగా చూశారు. తిట్టుకున్నా బావుండేది. నాకు యాభై తొమ్మిదేళ్ళు. మిగిలిన కాలమంతా ఇలా జాలి తింటూ బతకాలంటే ఏడుపొస్తోంది.

మార్చి 21

దిగాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మెట్లు నాలుగు. కడ్డీ రెండు చేతులా పట్టుకుని దిగాను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. ఊపిరి ఆడలేదు. నా సిద్ధాంతాలన్నీ గట్టు మీద కుర్చీలోనే ఉండిపోయాయి. "మాస్టారూ, కడ్డీ వదిలి నాలుగడుగులు నడవండి" అని ఉమాశ్రీ గట్టు మీంచి కేకేసింది. వదిలాను. అడుగున పాకుడో, నా పాదమో జారింది. మునిగాను. నాలుగడుగుల నీళ్ళలో అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి మునిగాడు. నీళ్ళు మింగాను. ఇలాగేనా పోవడం అనుకున్నాను, అదీ రొయ్యల టాంకులో.

ఎవరో నడుం పట్టుకుని లేవనెత్తారు. సామ్యేలు.

"మాస్టారికి కాలు పట్టేసిందండీ, ఏం కంగారులేదు!" అని అందరికీ వినపడేలా అరిచాడు. తర్వాత నా చెవిలో, "జడుసుకోకండి. నేనున్నాను కదండీ" అన్నాడు.

మార్చి 26. ఉగాది

సెలవు. మాణిక్యం ఉగాది పచ్చడి పెట్టింది. వేపపువ్వు ఎక్కువైంది. మోకాలు నలభై ఎనిమిది.

ఏప్రిల్ 4

రోజూ సామ్యేలు నా పక్కనే ఉంటున్నాడు. ఒక చెయ్యి నా నడుం కింద. చూసేవాళ్ళకి నేను అతనికి ఏదో నేర్పుతున్నట్టుంటుంది. నేను అలా కనపడేట్టు మధ్య మధ్యలో తల ఊపుతున్నాను. యాభై ఎనిమిది.

ఏప్రిల్ 11

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

వ్యాయామం అయ్యాక ఇద్దరం గట్టు మీద ఒళ్ళారబెట్టుకుంటున్నాం. పక్కన ఎవరూ లేరు. సామ్యేలు అన్నాడు: "మీతో ఒక మాట చెప్పాలని పదిహేనేళ్ళ నుంచీ అనుకుంటున్నానండి. నోరు రాలేదు."

అయిపోయింది అనుకున్నాను.

"ఆ పడవ నాది కాదండి. ఇసక కాంట్రాక్టరుది. ఆయన సంగతి మీకు తెలుసు కదా. అడిగితే ఇవ్వడు. అడగడానికి టైమూ లేదు. తాడు కోసి ఏసుకొచ్చేశాను. మిమ్మల్ని దింపేసి తిరిగి కట్టేద్దామని ఎళ్తుంటే సుడిలో పడి ముక్కలైపోయింది. నేను కొబ్బరి దుంగ పట్టుకుని బయటపడ్డాను. తెల్లారితే స్టేషన్లో ఏసి ఎముకలిరగ్గొడతాడని పొలాల్లో దాక్కున్నానండి. అప్పుడు పేపర్లో చదివి వినిపించేరు. పడవ కొట్టుకొచ్చిందని మాస్టారు చెప్పేరని. కాంట్రాక్టరు కూడా వరదకి తాడు తెగిపోయిందనే అనుకున్నాడు."

నేను అతని మొహం చూశాను. కళ్ళల్లో నీళ్ళున్నాయి. టాంకు నీళ్ళు కావు.

"ఈతే రాని మనిషి, నా కోసం ఈదేనని ఊరందరి ముందూ అబద్ధం మోసేరు. మా ఇంట్లో ఆదివారం ప్రార్థనలో మీ పేరు లేకుండా ఆమెన్ అనమండి."

"ఆ చేప..." అన్నాను.

"ఏదో, నాకు తోచిందండి. ఇంకేమివ్వగలను?"

పద్నాలుగు పులసలు. ఒక్కటీ రుచి తెలియలేదు.

ఏప్రిల్ 12

అరవై ఆరు డిగ్రీలు. బాగా నిద్ర పట్టింది. మాణిక్యం నా మొహం కళగా ఉందంది.

ఏప్రిల్ 14

ఆలోచిస్తే, "కొట్టుకొచ్చింది" అన్నప్పుడు నా మనసులో సామ్యేలు లేడని ఎలా చెప్పగలం? మనిషి మనసు లోతైనది. పైకి ఒక కారణం కనపడుతుంది, అడుగున ఇంకొకటి ఉంటుంది. అతను దొరకకూడదని నాకు లోపల ఎక్కడో అనిపించి ఉండవచ్చు. అతను అంత తొందరగా వెళ్ళిపోవడం నేను గమనించాను కదా. గమనించినవాడికి కారణం కూడా తట్టే ఉంటుంది.

తట్టే ఉంటుంది.

ఏప్రిల్ 15. ఆదివారం

ఈస్టరు. సామ్యేలు ఇంటి నుంచి కేకు వచ్చింది. "మాస్టారికి, ప్రార్థన చేసి పంపింది" అని చెప్పి వెళ్ళారు.

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను. ముందు జవాబు రాసేసి, దానికి సరిపడే లెక్క పైన ఇరికించేవాణ్ణి గుర్తుపట్టడానికి నాకు అర నిమిషం చాలు. అలాంటి వాళ్ళకి సున్నా వేసేవాణ్ణి.

ముసలమ్మా లేదు, బుట్టా లేదు. రేవులో పంటు ఒడ్డుకి తగిలినప్పుడు అల లేచి నా చెప్పు తడిసింది. తడవగానే ఎగిరి వెనక్కి దూకాను. పడ్డాను. అంతే.

ఏప్రిల్ 18

చెప్పేశాను.

నీళ్ళలోనే, అతని చెయ్యి నా నడుం కింద ఉండగానే. అక్కడైతే మొహం చూడక్కర్లేదు, పైకప్పు రేకులు చూస్తూ మాట్లాడవచ్చు. "సామ్యేలూ, పడవ సంగతి నాకు తెలియదు. నీ కోసం చెప్పలేదు. నీ నడుం పట్టుకుని ఏడ్చానని నలుగురికీ తెలుస్తుందని చెప్పాను. తర్వాత శాలువాలు కప్పారు. బాగుంది. ఊరుకున్నాను."

అతను నన్ను మెల్లగా కడ్డీ దాకా తోసి, నా రెండు చేతులూ దాని మీద పెట్టించాడు. చేతులు పట్టు దొరికించుకున్నాయో లేదో చూసుకున్నాడు. అప్పుడు అన్నాడు: "పదిహేనేళ్ళు దేవుడి ముందు మీ పేరు చెప్పేనండి. దాన్నిప్పుడేం చేసుకోను?"

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కుంటుతూ వెళ్ళాడు. అతని మోకాలు కూడా బాగాలేదని ఇన్నాళ్ళూ నాకు గుర్తే లేదు.

ఏప్రిల్ 19

సామ్యేలు రాలేదు.

ఏప్రిల్ 20

రాలేదు.

ఏప్రిల్ 23

రాలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చాను. అరవై ఆరు దగ్గరే ఉంది.

నిజం చెబితే మనసు తేలికవుతుందని ఎన్ని తరగతుల నీతి పాఠాల్లో చెప్పానో. ఆ పిల్లలందరికీ క్షమాపణ చెప్పుకోవాలి.

ఏప్రిల్ 30

కడ్డీ వదలకుండా ఉన్న నన్ను చూసి రత్తమ్మ తాడు అవతల నుంచి అంది: "భయపడ్డవాడే బరువెక్కుతాడని మీరే చెప్పేరు కదండీ మాస్టారూ. తల వెనక్కి వాల్చండి. పొట్ట ఎత్తండి." నా క్లాసు నాకే అప్పజెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. నేను కదలలేదు. ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "మీకు ఈత రాదా ఏంటండీ?"

"రాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. షెడ్డంతా వినపడింది.

అందరూ పగలబడి నవ్వారు. ఉమాశ్రీ అయితే కళ్ళు తుడుచుకుంటూ, "రత్తమ్మగారికి ధైర్యం రావాలని మాస్టారు ఎంత తగ్గించుకుని మాట్లాడతారో చూడండి!" అంది.

రత్తమ్మ మాత్రం నవ్వలేదు. తాడు కింద నుంచి ఎడమ చెయ్యి చాచి, నేను మూడడుగులు నడిచేదాకా పట్టుకుంది. తర్వాత తన కుడి చెయ్యి చూపించింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. లేసు సూది పట్టుకుంటోందట. నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో నా గొప్ప ఏమీ లేదు, అందుకే రాస్తున్నాను.

మే 7

సామ్యేలు వచ్చాడు. దండం పెట్టలేదు.

తిన్నగా నీళ్ళలో దిగి నా దగ్గరకి వచ్చాడు. ఒక చెయ్యి నా తొడ కింద, ఒక చెయ్యి మడమ మీద వేసి వంచాడు. ఇదివరకు కొబ్బరాకు మడిచినట్టు మెల్లగా వంచేవాడు. ఇవాళ అలా కాదు. అరిచాను. ఆగలేదు. ఉమాశ్రీ పరుగెత్తుకొచ్చి కొలిచి "డెబ్భై ఎనిమిది!" అంది. అతను మళ్ళీ వంచాడు.

మే 8

ఎనభై రెండు. మాట్లాడలేదు.

మే 10

ఎనభై అయిదు. మాట్లాడలేదు. అరవకుండా ఉండడం నేర్చుకున్నాను.

మే 16

తొంభై ఒకటి.

ఉమాశ్రీ స్వీట్లు పంచింది. అందరూ వెళ్ళాక బయట అరుగు మీద సామ్యేలు పక్కన కూర్చున్నాను. కూర్చున్నాను అంటే, రెండు కాళ్ళూ కిందికి వేలాడేసి, మామూలు మనిషిలా. అయిదు నెలల తర్వాత.

"ఆగస్టులో లంక బడివాళ్ళు సభ పెడుతున్నారు" అన్నాను. "వరదకి పదిహేనేళ్ళని. నాకు సన్మానమట. మైకులో నిజం చెప్పేస్తాను. నిన్ను పైకి పిలుస్తాను. ఆ శాలువా నీకు కప్పిస్తాను."

రాత్రుళ్ళు చాలాసార్లు వల్లె వేసుకున్న మాటలు. అతని కళ్ళు చెమరుస్తాయనుకున్నాను.

"చెప్పి?" అన్నాడు.

"అంటే?"

"మీ మనసు తేలికవుద్ది. మరి నాకేమవుద్దండీ? ఆ కాంట్రాక్టరు కొడుకే ఇప్పుడు వేలంలో పంటు పాడుకున్న పాటదారు. మా వోడు ఆ పంటు మీదే సరంగు. దొంగ పడవేసుకెళ్ళినోడి కొడుకని ఆ సాయంత్రమే దింపేస్తాడండి. మీకు సప్పట్లు కొడతారు, ఎంత గొప్ప మనసని. మా ఇంట్లో పొయ్యి ఆరిపోద్ది."

పదిహేనేళ్ళ నా అబద్ధం లోపల ఇంకొకరి ఇల్లు ఉందని నాకు తట్టలేదు. నా నిజం కూడా నా కోసమే.

"మరి ఏం చెయ్యమంటావు సామ్యేలూ?"

అతను తువ్వాలు పిండుకున్నాడు. "ఏం చెయ్యకండి. ఎవరికీ చెప్పకండి. ఇన్నాళ్ళూ మీ కోసం మోసేరు. ఇక నుంచీ నా కోసం మొయ్యండి. అప్పుడు నా ప్రార్థన తప్పు అవదు."

మే 28

డాక్టరు కొలిచాడు. తొంభై ఆరు. కర్ర వదిలెయ్యమన్నాడు. "అంతా నీళ్ళ మహిమ" అన్నాడు. అవునన్నాను.

ఆగస్టు 16. గురువారం

ఈ డైరీ మళ్ళీ తెరుస్తాననుకోలేదు.

సభకి వెళ్ళకుండా ఉండాలని చాలా చూశాను. జలుబు కూడా చేసింది, ఈసారి నిజంగానే. "వెళ్ళండి" అని సామ్యేలు కబురు పెట్టాడు. పంటు మీద వెళ్ళాను. సామ్యేలు కొడుకు నడిపాడు. రేవులో చెప్పు తడిసింది. దూకలేదు.

దండ వేశారు, శాలువా కప్పారు. హెడ్మిస్ట్రెస్ మైకు నా చేతికిచ్చి, "ఆ రోజు మీరు ఎలా ఈదారో మా పిల్లలకి మీ నోటితోనే చెప్పాలండి" అంది. పాటదారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. సామ్యేలు చివర గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

పదిహేనేళ్ళలో ఇలాంటి సభలు ఇరవై దాకా జరిగి ఉంటాయి. ప్రతిసారీ "ఏదో, దేవుడి దయ" అని కూర్చునేవాణ్ణి. జనం దాన్ని వినయం అనుకునేవాళ్ళు. ఈదానని నోటితో అనకపోవడమే నాకు మిగిలిన ఒక్క నిజాయితీ. దాన్ని దాచుకుంటూ వచ్చాను.

"పడవ కొట్టుకుపోతోంది" అన్నాను మైకులో. "వరదకి తాడు తెగిపోయి, మనిషన్నవాడు లేకుండా కొట్టుకుపోతోంది. నేను దూకాను. ఈదాను. ఈది పట్టుకున్నాను."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. పాటదారు తల ఊపుతున్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సామ్యేలు.